కావలి ఎంత ‘ఫాదర్’?

పన్నెండేళ్ళయింది. ఒంగోల్లో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షల పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఒకరోజు డిక్టేషన్ పెట్టాను. ఒంగోలు నుంచి చూస్తే సింగరాయకొండ కంటే కావలి ఎక్కువ దూరం అనే అర్థం వచ్చే చిన్న వాక్యం. రాత్రి ఇంట్లో పేపర్లు దిద్దుతుంటే ఒకమ్మాయి పేపర్లో ‘ఫార్దర్’ ఉండాల్సిన చోట ‘ఫాదర్’ కనిపించింది. కావలి సింగరాయకొండకి తండ్రయి కూర్చుంది.

మర్నాడు దాన్ని క్లాసులో పైకి చదివాను. గదంతా గొల్లుమంది. అక్కడితో ఊరుకున్నానా, ‘‘మరి తల్లెవరమ్మాయ్, ఉలవపాడా?’’ అని కూడా అన్నాను. ఆ పిల్ల తల దించుకుని, ‘‘మీరట్నే పలికారు సార్’’ అంది.

పలికిన మాట నిజమే. అప్పట్లో నాకో పిచ్చి ఉండేది. టీవీలో లండన్ వార్తలు విని విని, రకారాలు మింగేసి మాట్లాడేవాణ్ణి. కొన్నాళ్ళకి ఉచ్చారణ ఇచ్చే నిఘంటువు తిరగేస్తుంటే అసలు సంగతి బయటపడింది. దక్షిణ ఇంగ్లండు వాళ్ళ నోట్లో ‘ఫార్దర్’కీ ‘ఫాదర్’కీ తేడా లేదు. హల్లుకి ముందొచ్చే రకారాన్ని వాళ్ళు పలకరు. అంటే ఆ అమ్మాయి చెవి సరిగ్గానే విన్నది, చెయ్యి విన్నదే రాసింది. వేషం నాది, నవ్వులు ఆమెకి.

అప్పటికీ ఇప్పటికీ కలిపి పద్నాలుగేళ్ళు ఫార్దర్‌కీ ఫర్దర్‌కీ మధ్య కంచె కట్టడమే పనిగా బతికాను. ఇప్పుడు కావలిలో మేడ మీద ఒక గదిలో సొంతంగా ట్యూషన్ చెప్పుకుంటున్నాను కాబట్టి నాకు తోచింది చెప్పే స్వేచ్ఛ ఉంది. ఆ కంచె మన పిల్లలకి దండగ. వాళ్ళు ఇంగ్లీషులో నిజంగా కాలు జారే చోటు ఇంకెక్కడో ఉంది, అక్కడ మనం ఒక్క ముళ్ళకంప కూడా వెయ్యలేదు.

కంచె సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటలు. ‘ఏ’ అక్షరమున్న ఫార్దర్‌ని కొలవగలిగే దూరానికి వాడాలి. ‘యూ’ ఉన్న ఫర్దర్‌ని కొలతకి అందనివాటికి, అంటే అదనం, మరింత, ఆపైన అనే అర్థాలకి వాడాలి. ఊరు ఫార్దర్, చర్చ ఫర్దర్. గుర్తుండటానికో చిట్కా కూడా ఉంది: ఫార్దర్ కడుపులో ‘ఫార్’ ఉంది, ఫార్ అంటే దూరం. ఇది చెప్పగానే పిల్లల మొహాలు వెలిగేవి. ఒక్క నిమిషంలో చెప్పేయొచ్చు, తప్పు పట్టే ప్రశ్నల్లో ఒక మార్కు గ్యారంటీ. కోచింగ్ సెంటర్ మేష్టారికి ఇంతకంటే ఏం కావాలి?

దీన్ని మొదట కదిలించింది న్యూటన్. 1676లో ఆయన రాబర్ట్ హుక్‌కి రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది. తాను మరింత దూరం చూడగలిగానంటే అది మహాకాయుల భుజాల మీద నిలబడటం వల్లేనని. అందరికీ తెలిసిన మాటే. ఆయన అక్కడ వాడింది యూ ఉన్న ఫర్దర్. దాన్ని బోర్డు మీద రాసి, ‘‘చూశారా, జ్ఞానం కొలతకి అందదు, అందుకే ఫర్దర్’’ అని గంభీరంగా చెప్పాను. వెనక బెంచీలో ఒకడు చెయ్యెత్తాడు. పొదిలి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ‘‘సార్, భుజాలెక్కితే కనపడేది దూరమే గదా? తిరణాల్లో మా నాన్న నన్ను భుజాల మీద ఎత్తుకున్నాడు. దూరంగా ఉన్న రథం కనపడింది. అది ఫార్దర్ గదా?’’

నా దగ్గర జవాబు లేదు. పోలిక మొత్తం దూరం మీదే నిలబడింది, దాని భావం మాత్రం జ్ఞానం. రెంటికీ మధ్య కంచె వెయ్యమంటే న్యూటన్‌ని నిలువునా కొయ్యాలి. ఆయనకి ఆ బాధే లేదు, నోటికొచ్చిన మాట రాసేశాడు.

తర్వాత నేను వెతుక్కున్నది హెన్రీ ఫౌలర్‌ని. ఇంగ్లీషు వాడకం మీద అక్కడివాళ్ళకి పంచాయతీలు తీర్చిన పెద్దమనిషి. 1926లో వచ్చిన ఆయన నిఘంటువులో ఈ జంట గురించి తీర్పుంది. ఈ రెండు మాటల్నీ వేరు వేరు సందర్భాలకి పంచుకుని వాడేవాళ్ళు దాదాపు ఎవరూ లేరనీ, ఎక్కువమంది ఏదో ఒకటే పట్టుకుని అన్నిటికీ దాన్నే వాడతారనీ, అందులోనూ మొగ్గు ఫర్దర్ వైపే ఉందనీ ఆయన రాశాడు. ఆ తీర్పొచ్చి దగ్గర దగ్గర వందేళ్ళు. ఇవాళ్టికీ బ్రిటన్‌లో దూరానికైనా అదనానికైనా ఫర్దర్ చెల్లుతుంది. కంచెని శ్రద్ధగా కాపలా కాసేది అమెరికా వాళ్ళు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తమ రచయితలకిచ్చే నియమాల్లో భౌతికమైన దూరానికి ఫార్దర్, కాలానికీ స్థాయికీ ఫర్దర్ అని స్పష్టంగా ఉంది. వాళ్ళ పద్ధతి వాళ్ళది. మన ఆఫీసు ఇంగ్లీషేమో నిలువెల్లా బ్రిటిష్‌ది. ‘ఫర్దర్ ఆర్డర్స్ వచ్చేదాకా సస్పెన్షన్’ అని రాసే దేశంలో కూర్చుని అమెరికా కంచెకి మార్కులు కోస్తున్నాం.

ఈ మాటల పుట్టుక చూస్తే కంచె సంగతి మరీ తమాషాగా ఉంటుంది. చూడగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఫార్ నుంచి ఫార్దర్ పుట్టింది, తర్వాత ఎవరో నోరు తిరక్క ఫర్దర్ అన్నారు అని. జరిగింది తిరగేసి. పాత ఇంగ్లీషులో ముందునుంచీ ఉన్నది ఫర్దర్. అది ‘ముందు’ అనే అర్థమున్న ఫోర్, ఫోర్త్ అనే మాటల కుటుంబంలోది. అంటే దాని అసలర్థం ‘మరింత ముందుకి’. ఫార్‌కి ‘మరింత దూరం’ అనే సొంత రూపం వేరే ఉండేది. అది కాలక్రమంలో వెనకబడిపోయింది. ఆ ఖాళీలోకి ఫర్దర్ వచ్చి కూర్చుంది. కూర్చున్నాక దాని మీద ఫార్ నీడ పడి, ఫార్దర్ అనే ఇంకో రూపం తయారైంది. ఒకే మనిషికి రెండు రేషన్ కార్డులన్నమాట. కొన్ని వందల ఏళ్ళు ఎవరికి ఏది తోస్తే అది రాసుకున్నారు. ఆ తర్వాతెప్పుడో వ్యాకరణం పెద్దలొచ్చి, రెండు కార్డులున్నాయి కాబట్టి ఇద్దరు మనుషులుండాలని తీర్మానించారు.

ఇక్కడ చిన్న పక్కదారి. ఫర్దర్ చివరున్న ‘దర్’ ఎక్కడిదన్న దానికి భాషాచరిత్ర చదివినవాళ్ళు రెండు వివరణలిస్తారు. ‘ఫోర్త్’కి ‘అర్’ చేరిందన్నది ఒకటి. రెండోది నాకు భలే ఇష్టం: ‘ఫోర్’కి ‘దర్’ చేరిందని. ఆ ‘దర్’ మరేదో కాదు, కష్టతరం, కఠినతరం అని మన పేపర్లు రోజూ రాసే ‘తరం’కి దూరపు చుట్టం. సంస్కృతం వైపు పోయింది ‘తర’ అయింది, ఇంగ్లీషు వైపు పోయింది ‘దర్’ అయింది. ‘పన్ను నిబంధనలు మరింత కఠినతరం’ అని హెడ్డింగ్ చూసినప్పుడల్లా, మరింత ఎందుకయ్యా, తరంలోనే ఉంది కదా అని చిరాకుపడేవాణ్ణి. ఇప్పుడు ఆ చిరాకు కూడా తగ్గింది.

అసలు తెలుగులో ఈ తరతమాల గొడవే లేదు. దూరం దూరమే. ఇంకో ఊరితో పోల్చాల్సి వస్తే ఆ ఊరి పేరుకి ‘కంటే’ తగిలిస్తాం, దూరం చెక్కు చెదరదు. సింగరాయకొండకంటే కావలి దూరం, కావలికంటే నెల్లూరు దూరం. పోలిక భారమంతా పోల్చబడిన ఊరు మోస్తుంది. అందుకే మన పిల్లలకి ‘దూరం’ అనే మాటే రూపం మార్చుకోవాలన్నదే మొదటి కొరుకుడుపడని సంగతి. అది మింగకముందే, మార్చుకున్న రూపాలు రెండున్నాయి, పొలం ఒకటికి, పెరడు ఒకదానికి అని రెండో ముద్ద పెడుతున్నాం.

మా ఊరు కందుకూరు పక్కన. అక్కడ ఎవరినైనా దారి అడగండి. ‘ఇంకా దూరం పోండి’ అని ఎవరూ అనరు. ‘ఇంకా ముందుకి పోండి’ అంటారు. ‘రవంత ముందుకి పోతే బడి, బడి దాటినాక చెరువుకట్ట, ఆ అవతలే.’ దూరం అనేది ఇంటి దగ్గర కూర్చుని లెక్కేసేవాడి మాట. నడిచేవాడికి దూరం ఉండదు, ముందే ఉంటుంది. ఫర్దర్ పుట్టుకలో ఉన్నది సరిగ్గా ఈ ‘ముందుకే’. అందుకే దారి చెప్పేటప్పుడు మన పిల్లల నోట్లో యూ ఉన్నదే వస్తే దాన్ని తప్పని కొట్టెయ్యడం నాకు అన్యాయంగా తోస్తుంది. మా ఊరి దారి చెప్పే తీరుకి ఆ మాటే దగ్గర.

మా నాన్నకి కిలోమీటర్లు వంటబట్టలేదు. దేశం మెట్రిక్ కొలతల్లోకి మారింది ఆయన కుర్రతనంలోనే, అయినా చివరిదాకా ఆయన లెక్క పర్లాంగుల్లోనే. పొగాకు చేను నుంచి ఆకు కాల్చే కొట్టం, అదే బారెను, రెండు పర్లాంగులు, బారెను నుంచి రోడ్డు పర్లాంగు. డిగ్రీలో ఉండగా ఒకసారి నాకో గొప్ప ఊహ వచ్చింది. ఫర్లాంగు అంటే ‘ఫర్’ ప్లస్ ‘లాంగ్’, ఫర్దర్‌లో ఉన్న ఫర్రే ఇక్కడా ఉందని. నోట్సులో కూడా రాసుకున్నాను. శుద్ధ తప్పు. ఫర్లాంగులో ఉన్నది ఫర్రో, అంటే నాగేటి చాలు. చాలు పొడవు, అంతే. ఎడ్లు ఆగకుండా ఒక ఊపులో దున్నే చాలు ఎంత పొడవో అది పర్లాంగు. తర్వాత దాన్ని 220 గజాలకి బిగించారు, ఎనిమిదైతే మైలు. మన మీటర్లలో 201 చిల్లర.

ఈ సంగతి నాన్నకి చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపడలేదు. ‘‘మరి ఎడ్లకి తెలీదంట్రా యాడ ఆగాలో’’ అన్నాడు. ఆయన చాలు అనడు, ‘సాలు’ అంటాడు. సాయంత్రం దుక్కి ముగిసే వేళ గట్టు మీద నుంచి నేను పిలిస్తే ఆయన జవాబు ఇప్పటికీ చెవుల్లో ఉంది: ‘‘ఇంక రెండు సాళ్ళు ఏసి సాలిస్తా. ఈ పూటకి సాల్లే.’’ దున్నే సాలు, ముగించే సాలించడం, సరిపోయిందనే సాలు, మూడూ ఒక్క ఊపిరిలో. నేలలో గీసిన సాలుకీ సరిపోయిన సాలుకీ చుట్టరికం ఉందని నేననను, ధ్వని కలిసింది అంతే. కానీ ఆ మూడింటిలో ఏది ఏదో తెలుసుకోవడానికి నాకెప్పుడూ చిట్కా అవసరం రాలేదు. గట్టు మీద నిలబడితే చాలు, అర్థమైపోయేది.

దూరం కొలతకి అందుతుందన్న నమ్మకం కూడా నాకు మా ఊరి వల్లే పోయింది. కందుకూరు మొదట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని మళ్ళీ విడగొట్టినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరులో చేరింది. ఆ నెలలో మా ఊరి రచ్చబండ దగ్గర విన్న మాట: ‘‘కలెక్టరాఫీసు దూరమైపోయిందబ్బా.’’ ఊరు అంగుళం కదల్లేదు. కలెక్టరాఫీసులూ కదల్లేదు. కానీ ఒంగోలుకి పోవాల్సిన అర్జీ నెల్లూరుకి పోవాల్సొచ్చింది, దారి దాదాపు రెట్టింపు. ఆ మనిషి చెప్పింది కిలోమీటర్లా? బస్సు చార్జీయా? తనని పట్టించుకునేవాళ్ళు ఇంకాస్త అందకుండా పోయారన్న బెంగా? అన్నీను. ఇప్పుడు దీన్ని ఇంగ్లీషులోకి మార్చి ఏ పెట్టాలో యూ పెట్టాలో చెప్పండి. నేనైతే పెట్టలేను. యూ పెడితే మూడూ సర్దుకుంటాయి, అందుకే నాకు యూ ఇష్టం.

సరే, కంచె దండగంటున్నాను. మరి మనవాళ్ళు నిజంగా పడే గుంట ఏది?

మొదటిది ‘ఇంకా’. ఇంత చిన్న మాట ఇన్ని పనులు చేస్తుందని నేను ట్యూషన్ పెట్టాకే గమనించాను. బస్సు ఇంకా రాలేదు. వాడు ఇంకా పడుకునే ఉన్నాడు. ఇంకా అన్నం పెట్టనా? ఇంకా ఎవరెవరు వస్తున్నారు? రేపటికైతే ఇంకా మంచిది. ఇంకా పది కిలోమీటర్లుంది. ఇంకా ముందుకి పోండి. మనకిది ఒకటే మాట. ఇంగ్లీషులో వరసగా యెట్, స్టిల్, మోర్, ఎల్స్, ఈవెన్, అనదర్, చివరికి ఫర్దర్. ఏడు గదుల ఇంట్లో మన పిల్లాడి చేతిలో ఒకటే తాళం చెవి. అది స్టిల్ అనుకోండి, అన్ని తలుపులకీ దాన్నే దూరుస్తాడు. ‘స్టిల్ టెన్ కిలోమీటర్స్ ఈజ్ దేర్’ అంటాడు. ‘స్టిల్ రైస్ కావాలా’ అని హాస్టల్లో ఒడిశా కుర్రాణ్ణి అడిగినవాడు కూడా నాకు తెలుసు. ఏడో గది తాళం ఏ ఉన్నదా యూ ఉన్నదా అని మేం వారం రోజులు నూరిపోశాం. మిగతా ఆరు గదులు మూసే ఉన్నాయి.

రెండోది ‘చాలా’. దీనివల్ల డబ్బు పోయిన కథ కూడా ఉంది నా దగ్గర.

నా దగ్గర చదివిన ఒక కుర్రాడు బ్యాంకు పరీక్షలు కలిసిరాక తీరం వైపు రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజరుగా చేరాడు. పొద్దున్నే నీళ్ళు పరీక్ష చేసి, మేత చూసి, కబురు వాట్సాప్‌లో టెక్నీషియన్‌కి పంపాలి. ఆ టెక్నీషియన్‌కి తెలుగు రాదు. మే నెల, ఎండకి నీళ్ళు ఇగిరిపోతున్నాయి, గుంటలో ఉప్పు శాతం పెరుగుతోంది. కిందటి వారంతో పోలిస్తే చాలా ఎక్కువైందని చెప్పాలనుకున్నాడు మావాడు. అంకె రాయలేదు. ‘సెలినిటీ ఈజ్ టూ హై’ అని కొట్టాడు. అవతలాయన దాన్ని ఇంగ్లీషు మనిషి చదివినట్టే చదివాడు: రొయ్య తట్టుకోలేనంత ఎక్కువైంది అని. వెంటనే మంచినీళ్ళు కలపమన్నాడు. రెండు రాత్రులు డీజిల్ ఇంజను పెట్టి బోరు నీళ్ళు తోలారు. మూడో రోజు మనిషి స్వయంగా వచ్చి కొలిస్తే నీళ్ళు కలవని పక్క గుంటలో 28 ఉంది. సముద్రపు నీళ్ళలోనే వెయ్యికి 35 పాళ్ళు ఉప్పుంటుంది. వనామీ రొయ్యకి 28 అంటే లెక్కలోది కాదు. యజమాని తిట్లన్నీ మావాడికి. వాడు ఫోన్ చేసి నాతో అన్నది ఇదీ: ‘‘సార్, టూ అన్నా వెరీ అన్నా చాలా అనేగా? మీరెప్పుడూ వేరే చెప్పలేదే.’’

చెప్పలేదు. ఫార్దర్ గురించి చెప్పాను. వాడికి అందులో మార్కు కూడా వచ్చింది.

ఇప్పుడు చెబుతున్నాను, అదీ ఇంగ్లీషు ఉదాహరణలతో కాకుండా తెలుగుతోనే. మన దగ్గర టూకి సరిపోయే మాట శుభ్రంగా ఉంది: ‘మరీ’. ‘కూర చాలా కారంగా ఉంది’ అంటే మెచ్చుకోవచ్చు, తిట్టొచ్చు. ‘కూర మరీ కారంగా ఉంది’ అంటే తిట్టే, గిన్నె పక్కన పెట్టేసినట్టే. కాబట్టి రాసేముందు ఒకసారి మనసులో మరీ పెట్టి చూసుకో, ఫిర్యాదు వినపడితే టూ, వినపడకపోతే వెరీ. ‘టూ గుడ్’ అని సినిమాని పొగిడే అలవాటు ఎటూ పోదు, దాని జోలికి నేను వెళ్ళను. అది స్నేహితుల మధ్య మాట. గుంట దగ్గర రాసే కబురులో మాత్రం మరీ పరీక్ష తప్పనిసరి. ఇంతకీ ‘చాలా’ అనే మాట ‘చాలు’ నుంచే వచ్చింది. మొదట్లో ‘సరిపోయేటంత’, రాను రాను ‘ఎక్కువ’. సరిపోయినదాన్నే ఎక్కువ అనుకున్న భాష మనది. ఇంగ్లీషువాళ్ళకి సరిపోయింది వేరు, ఎక్కువ వేరు, మితిమీరింది వేరు. ఒకే చాలా అనే సంచీతో మూడు కొట్లకి వెళితే తూకాలు తారుమారవుతాయి.

నియర్‌కి ‘లీ’ తగిలిస్తే దగ్గర కాస్తా దాదాపు అయిపోతుంది, హార్డ్‌కి తగిలిస్తే కష్టం కాస్తా పనే లేకుండా పోతుంది. కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి, పనే చెయ్యనని దరఖాస్తులో రాసి సంతకం పెట్టిన పిల్లల్ని చూశాను. ఇవి కూడా దగ్గరకీ స్థాయికీ సంబంధించిన మాటలే. వీటిలో తప్పు చేస్తే అర్థం తలకిందులవుతుంది.

నా స్నేహితుడొకాయన లెక్కల మేష్టారు. ట్రంకురోడ్డు టీకొట్టు దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకుంటే ఒప్పుకోలేదు. ‘‘ఏందబ్బా నీ గొడవ. రెండు మాటలున్నాయి, రెండు పనులకి పంచారు. పంచితే మంచిదేగా? భాషకి నిక్కచ్చితనం వస్తుంది. సున్నాకీ శూన్యానికీ తేడా లేదంటే నేనూరుకుంటానా?’’ అన్నాడు.

ఆయన మాటలో బలం లేకపోలేదు. తేడా పనికొచ్చేదైతే నేనూ కాపాడతాను. కానీ తేడా పనికొస్తుందో లేదో తేల్చడానికి నాకో పద్ధతుంది: మాట మార్చి పెట్టినప్పుడు ఎదుటివాడు దారి తప్పుతాడా? టూ బదులు వెరీ పెట్టి చూడండి, రెండు రాత్రుల డీజిల్ మిగులుతుంది. హార్డ్ బదులు హార్డ్‌లీ పెడితే ఉద్యోగం పోతుంది. కావలి ఫర్దర్ అని రాసినందుకు ఒంగోల్లో బయల్దేరినవాడు ఉలవపాడులో దిగిపోయిన సంఘటన నాకు తెలిసి లేదు. ఫార్దర్‌కీ ఫర్దర్‌కీ మార్పిడి వల్ల అర్థం బోల్తాపడే వాక్యం ఒక్కటి తయారుచెయ్యమని ఆయన్నే అడిగాను. టీ చల్లారేదాకా ఆలోచించి, ‘‘రేపు చెప్తా’’ అన్నాడు. అది మొన్న దసరా సెలవుల్లో.

న్యాయంగా చెప్పాలంటే కంచెలో ఒక్క గుంజ మాత్రం నిలబెట్టాల్సిందే. దూరానికి యూ ఉన్నది వాడొచ్చు కానీ, అదనానికి ఏ ఉన్నది నప్పదు. ‘మరిన్ని వివరాలకి’ అనేచోట ఫార్దర్ డీటెయిల్స్ అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘తదుపరి ఉత్తర్వుల’ దగ్గరా అంతే. ఒక పనిని ముందుకి నడిపించడం అనే క్రియ కూడా యూ ఉన్నదానిదే. అంటే అనుమానమొస్తే యూ పెట్టు, ఎప్పుడూ మునగవు. చదువుకోడానికో ఉద్యోగానికో అమెరికా వెళ్ళేవాళ్ళు మాత్రం ఊళ్ళ దూరాలకి ఏ వేసుకోండి, అక్కడి మర్యాద అది. ఇంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. పది నిమిషాల పాఠం.

ఒకమ్మాయి అడిగింది, ‘‘సార్, పై చదువుల్ని ఫర్దర్ స్టడీస్ అంటారు కదా, మరి దూరవిద్యని ఫార్దర్ స్టడీస్ అనాలా?’’ అని. మనవాళ్ళు పైకి పోతామనుకున్న చోట ఇంగ్లీషువాళ్ళు ముందుకి పోతారని చెప్పాను. దూరవిద్య సంగతికి నవ్వి ఊరుకున్నాను, ఈసారి ఆ పిల్లతో కలిసి.

ఇదంతా చెప్పి పరీక్ష సంగతి దాచకూడదు. వచ్చే నెల మాక్ టెస్టు పేపరు నాకూ వచ్చింది. పదిహేడో ప్రశ్న అదే: ఒక ఊరు ఇంకో ఊరికంటే దూరం, దానికి యూ ఉన్నది వేశారు, తప్పెక్కడుందో పట్టమన్నారు. తయారుచేసినవాళ్ళకి ఫోన్ చేసి ఇందులో తప్పు లేదయ్యా అన్నాను. కీ ప్రింటయిపోయింది సార్ అన్నారు. చేసేదేముంది? పరీక్షలో కీ ఏది అడిగితే అదే పెట్టండి, బయటికొచ్చాక మీ ఇష్టం వచ్చింది రాసుకోండి అని పిల్లలకి చెప్పాను.

‘‘మరి తప్పు కానిదాన్ని తప్పని ఎందుకు పెట్టాలి సార్?’’ అన్నాడొకడు. ‘‘మార్కు కోసం’’ అన్నాను. వాడు రాసుకున్నాడు. నేను డస్టర్ తీసుకుని ఫార్దర్, ఫర్దర్ రెండూ చెరిపేసి, బోర్డు మధ్యలో తెలుగులో పెద్ద అక్షరాలతో ‘ఇంకా’ అని రాశాను. మిగిలిన యాభై నిమిషాలూ దానికే సరిపోలేదు.